మావయ్యగారి కారు గేరు రాడ్డు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. వాన పడుతోందని నేనంటే మా ఇంట్లో ఎవరూ ఆరేసిన బట్టల కోసం పరిగెత్తరు. ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. పెరట్లో పాము కనిపించిందని ఒకసారి ఒగర్చుకుంటూ వచ్చి చెబితే మా ఆవిడ కాఫీ కలుపుతూనే "వానపామేనా?" అని అడిగింది. కాబట్టి కింద వచ్చే కొలతలు ఏవీ నమ్మకండి. కారు ఉన్న మాట, రంపం ఉన్న మాట, మావయ్యగారు ఉన్న మాట మాత్రం నమ్మండి.

డెబ్బైల చివర్లో నాకు కొత్తగా పెళ్ళయింది. రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుని. అత్తవారిది రావులపాలెం దగ్గర కాలవ గట్టు మీద ఊరు. మావయ్యగారికి రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం. పిసినారి కాదు గాని, సొంతానికి ఏమీ కొనుక్కోని మనిషి. పంచెలు కూడా అత్తయ్యగారు చూసి చెబితేనే మార్చేవారు. అలాంటి మనిషి యాభై దాటాక ఒక పాత కారు కొని, డ్రైవింగు నేర్చుకుని, రోజూ తెల్లవారగానే గట్టు మీద తనే నడుపుకుంటూ మార్కెట్‌కి వెళ్ళేవారు. డ్రైవరుని పెట్టుకోమంటే నవ్వేసేవారట. కారు ఎక్కాక ఆయన కూనిరాగం తీస్తారని మా ఆవిడ చెప్పింది. ఇంట్లో ఉండగా ఆయన రాగం తీయడం ఎవరూ వినలేదు. కారు గేటు దాటాకే అది మొదలయ్యేది.

ఆ రోజుల్లో మన వైపు కార్లలో చాలావాటికి గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ఆయన కారుకి మాత్రం నేలలోంచి లేచేది. ఎంత లేచేదంటే, గోదావరిలో పడవవాళ్ళు వాడే గడ తెచ్చి అక్కడ పాతారా అనిపించేది. ఫస్టు గేరు రేడియో దగ్గరుంటే సెకండు గేరు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఉండేది. మూడో గేరు కోసం కొత్తపేట దాకా వెళ్ళి రావాలి. రాడ్డు చివర నల్ల గుండు సరిగ్గా మావయ్యగారి ఎడమ అరచేతి కిందికి వచ్చేది. ఆయన దాన్ని పట్టుకునేవారు కూడా కాదు, పిల్లి వీపు నిమిరినట్టు అలా నెట్టేవారు.

నాకు అది నచ్చలేదు. రేసు కార్లకి గేరు రాడ్డు జానెడే ఉంటుందనీ, మణికట్టు తిప్పితే గేరు పడుతుందనీ ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాను. పైగా కొత్త అల్లుణ్ణి. ఎండాకాలం సెలవులకి వచ్చి, ఆత్రేయపురం పూతరేకులు తినడం తప్ప పనేమీ లేకుండా ఉన్నాను. చదువుకున్నవాణ్ణని ఆ ఇంట్లో ఏదో ఒకటి చేసి చూపించాలన్న దురద పట్టుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర కదిపాను.

"మావయ్యగారూ, ఆ గేరు రాడ్డు కాస్త కోసి పొట్టి చేస్తే చాలా బావుంటుందండి."

ఆయన కలుపుతున్న ముద్ద అలాగే విస్తట్లో ఆగింది. అత్తయ్యగారి చేతిలో నేతి గిన్నె ఆగింది. గోంగూర కారం ఎక్కువైందేమో అనుకున్నాను.

"మీ ఇష్టం అండి," అన్నారాయన. "మీకన్నా మాకు తెలుసేంటండి?"

అంతే, నాకు రాజముద్ర పడింది. ఆయన కునుకు తీస్తున్న వేళ ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డుకి వెళ్ళి ఇనుము కోసే రంపమూ, మరలు కోసే డై ఒకటీ అడిగి తెచ్చాను. షెడ్డతను ఎందుకని అడగలేదు, ఫలానావారి అల్లుడుగారంటే చాలు. కొలిచాను, సుద్దతో గీత గీశాను, కొయ్యడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకి ఊళ్ళో కాకులన్నీ లేచి గోదావరి లంకల్లోకి వెళ్ళిపోయాయి. కాలవలో చేపలు నీళ్ళ మీదికొచ్చి చూశాయి. అత్తయ్యగారు మధ్యలో మజ్జిగ పంపారు, కాసేపాగి కాఫీ పంపారు, ఇంకాసేపటికి తనే వచ్చి అరుగు మీద నిలబడి, ఏదో అనబోయి, "ఎండగా ఉందండి, తల మీద తువ్వాలన్నా వేసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయారు. మూరెడు రాడ్డు తెగి కింద పడింది. మిగిలిన మొండేనికి మరలు కోసి నల్ల గుండు బిగించాను. నిజంగానే ముద్దుగా ఉంది. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

మావయ్యగారు లేచి వచ్చి కారెక్కారు. స్టార్టు చేశారు. ఎడమ చెయ్యి కిందికి జారవిడిచి గేరు వెతికారు, అందలేదు. వంగారు. ఒళ్ళంతా దాని మీద వేసి తోశారు. కారు కీచుమంది గాని గేరు పడలేదు. ఇంకోసారి తోశారు. పడింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"బావుందండి," అన్నారు. "గట్టిగా ఉంది."

నేను దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాను.

మర్నాడు ఆయన బస్సులో వెళ్ళారు. అల్లుడుగారు ఉన్నన్నాళ్ళూ కారు అల్లుడుగారి దగ్గరే ఉండాలన్నారట. ఆ పై రోజూ బస్సే. చూపు ఆనడం లేదన్నారు, కాస్త నడవమని డాక్టరు చెప్పారన్నారు. ఈలోగా మార్కెట్లో మాత్రం మా అల్లుడుగారు రేసు కార్ల పద్ధతిలో గేరు చేశారండి అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. సాయంత్రాలు వ్యాపారులు ఇద్దరేసి ముగ్గురేసి వచ్చి కారులో తలపెట్టి చూసి, నా వైపు చూసి, తలలూపి వెళ్ళేవారు. ఒకాయన తన కారుకి కూడా చేసిపెట్టమన్నారు. నేను చాలా తీరుబడి లేనివాడిలా మొహం పెట్టి, చూద్దాం లెండి అన్నాను.

ఆ వారంలోనే మా ఆవిడని తీసుకుని పిఠాపురం గుడికి వెళ్ళాను. దారంతా మణికట్టు తిప్పుతూ గేర్లు వేస్తున్నాను, అవసరం లేనిచోట కూడా వేస్తున్నాను. దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణంలో ఉండగా నాకు పొంగుకొచ్చింది.

"మీ నాన్నగారికి నేనంటే ఎంత అభిమానం. ప్రాణంలా చూసుకునే కారు నాకొదిలేసి బస్సులో తిరుగుతున్నారు."

ఆవిడ కొబ్బరిచెక్క ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది.

"అభిమానం కాదండీ. నాన్నగారు ఇంక దాన్ని నడపలేరు."

"అదేంటి, చూపు కోసమా?"

"చూపు బానే ఉంది. ఎడం చేతికే బలం లేదు."

కారు పక్కకి తీసి ఆపాను. అప్పుడు చెప్పింది. తన చిన్నప్పుడు మార్కెట్లో గెలల బండి ఒరిగి ఆయన ఎడమ భుజం మీద పడిందట. ఎముక కట్టించారు గాని సరిగా కుదురుకోలేదు. ఆ చెయ్యి పైకి లేవదు, దానితో గట్టిగా ఏదీ తొయ్యలేరు. స్టీరింగు పక్కన గేరుంటే చెయ్యెత్తాలి కాబట్టి ఆ కార్లు ఆయనకి పనికిరాలేదు. నేల మీద పొడుగు రాడ్డున్న కారు ఎక్కడైనా దొరుకుతుందేమోనని రాజమండ్రిలో, కాకినాడలో నెలల తరబడి వెతికించుకున్నారట. పెళ్ళి సంబంధం కుదిరేటప్పుడు మావాళ్ళకి తెలియనివ్వలేదు, ఆ తర్వాత నాకు తెలియనివ్వలేదు. పెళ్ళిలో నా కాళ్ళు ఆయన ఒంటిచేత్తో కడిగారు. వీళ్ళకి మర్యాద తెలీదని నేను పీటల మీదే మా అమ్మ చెవిలో సణిగాను.

"మరి నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"ఎలా చెప్తామండీ? మీరు అడిగేశారు. అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటారా?"

"మీ అమ్మగారన్నా..."

"అమ్మ చెప్పబోయింది. నాన్నగారే వద్దన్నారు. అల్లుడుగారు సరదా పడుతున్నారు, ఊరుకో అన్నారు."

నేను ఏటేటా ఇంటర్ పిల్లలకి మీట ప్రయోగం చేయించేవాణ్ణి. మీట పొడుగు తగ్గేకొద్దీ బలం ఎక్కువ పెట్టాలని నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు గీసి, ఇది పరీక్షల్లో తప్పకుండా వస్తుందని చెప్పేవాణ్ణి. అక్కణ్ణించి ఇంటిదాకా మళ్ళీ పైగేరు వెయ్యలేదు, రెండో గేరులోనే వచ్చాను. ఇంజను మూలిగింది. ఎడ్లబళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. ఒక ముసలమ్మ నెత్తిన గంపతో నడిచి దాటింది.

మర్నాడు పొద్దున్నే మావయ్యగారు బస్సుకి బయల్దేరకముందే కారు షెడ్డుకి పట్టుకెళ్ళాను. కోసిన ముక్కని రాడ్డుకి అతికించి వెల్డింగు చేయించాను. తెచ్చి వాకిట్లో పెట్టి, పొట్టి గేరు నాకే కుదరలేదండీ, చెయ్యి నొప్పెడుతోంది, మళ్ళీ పాతదే చేయించేశాను అన్నాను. ఆయన సంచీ వెనక సీట్లో పెట్టి ఎక్కారు. నల్ల గుండు అరచేతి కిందికి వచ్చింది. కారు గేటు దాటింది. నేను గట్టు మీద నిలబడి విన్నాను, రాగం వినపడింది.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది. మా ఆవిడ ఈ కాగితాలు చదివి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

రాడ్డు పడవ గడంత లేదు. కాకులు ఎక్కడికీ వెళ్ళలేదు, ముసలమ్మ మమ్మల్ని దాటలేదు. అవి మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అవి కాక లేనిది తెచ్చి పెట్టింది ఒక్కటే, ఆ వెల్డింగు. నేను షెడ్డుకి వెళ్ళలేదు.

ఆ పొద్దున్న కారు తాళాలు జేబులో వేసుకుని గేటు దాకా వెళ్ళిన మాట నిజం. ఆయన గొడుగూ సంచీ పట్టుకుని బయల్దేరుతున్నారు. మావయ్యగారూ అని పిలిచాను. ఆయన ఆగి, చెప్పండి అల్లుడుగారూ అన్నారు. నాకు తెలిసిపోయిందని చెబితే, అన్నేళ్ళు దాచుకున్నది నేను బయటపెట్టినట్టవుతుంది కదా అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకుంటూ వచ్చాను. అసలు సంగతి, గేరు మళ్ళీ పొడుగైతే మార్కెట్లో జనం నవ్వేది నన్ను చూసి. ఆయన్ని చూసి కాదు.

"ఏం లేదండి," అన్నాను. "పెట్రోలు ఎక్కడ మంచిది దొరుకుతుందండీ?"

ఆయన నిలబడి వివరంగా చెప్పారు. ఏ బంకులో కల్తీ ఉండదో, ఏ వేళ వెళితే రద్దీ ఉండదో, కాలవ వంతెన దగ్గర ఎటు తిరిగితే దారి దగ్గరో అన్నీ చెప్పారు. అవన్నీ తెలిసినవారు ఆ ఇంట్లో ఆయనొక్కరే. నేను బుద్ధిగా తలూపుతూ విన్నాను. చెప్పడం అయ్యాక, ఎండెక్కుతోంది మీరు లోపలికి వెళ్ళండి అన్నారు. సంచీ కుడిచేతికి తగిలించుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, బస్సు కోసం గట్టు ఎక్కారు.