ఆ మాట ఎవరు పుట్టించిండ్రు సారూ?

నాగులమ్మ గురించి రాయమంటే నాకు ముందు నా సిగ్గులేనితనమే గుర్తొస్తుంది. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో మర్రిగూడ దిక్కు బోడగుట్టపల్లి బడికి పంతులుగా పోయాను. జగ్గారావు పటేల్ ఇంటి ముందరి కొట్టంలో మకాం. ఆయన పెట్టిన అన్నం తింటూ, ఆయన చేసే అన్యాయం చూస్తూ నోరు కట్టేసుకున్నాను.

నాగులమ్మది మాలగూడెం, కూలి బతుకు. పెనిమిటి మైసయ్యకు ముప్పై అయిదేళ్లకే వెన్ను బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. ఎముకలను వంచే ఫ్లోరైడ్ కలిసిన ఆ ఊరి ఉప్పునీళ్ల పుణ్యం అది. మంచినీళ్ల బావి ఒక్కటే, అదీ పటేల్ చేనులో. గూడెం ఆడవాళ్లు గట్టు కింద కుండలు పెట్టుకుని నిలబడితే, పటేల్ జీతగాడు గురవయ్య పైనుంచి పోసేవాడు.

ఒకనాడు పటేల్, నాగులమ్మ బిడ్డ బిక్షమ్మను తన పశువుల కొట్టంలో పనికి పంపమన్నాడు. బిక్షమ్మ నా బడిలో మూడో తరగతి.

"నా బిడ్డ సదువుకుంటది పటేలా. పెండ తియ్యదు," అన్నది నాగులమ్మ.

అమ్మో, ఎక్కడలేని కోపం వచ్చింది ఆయనకు! పట్నంలో మెట్రిక్ దాకా చదివిన మనిషి కదా, నలుగురిలో ఇంగ్లీషు ముక్క ఒకటి విసిరాడు. "దీన్ని బాయ్‌కాట్ చేస్తున్న. నీళ్లు పొయ్యొద్దు, నిప్పియ్యొద్దు, కూలికి పిలువొద్దు. పిల్ల కొట్టంలకు వచ్చిందాక గింతే!"

పదకొండు రోజులు గడిచాయి. నాగులమ్మ మూడు మైళ్లు నడిచి పక్క ఊరి నుంచి ఒక్క కుండ మంచినీళ్లు తెచ్చేది. అవి బిడ్డకే. బిడ్డ కాళ్లు వంకర పోకూడదు. తనూ మైసయ్యా ఉప్పునీళ్లే తాగారు.

పన్నెండో రోజు ఆమె బడి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, బాయ్‌కాట్ అంటే ఏంది?"

"వెలి," అన్నాను తల వంచుకుని.

"గది నా పానానికెరుకే. గా మాట ఎవరు పుట్టించిండ్రు? పటేలసొంటోడేనా?"

నాకు తెలియదు. ఎన్నోసార్లు వాడిన మాటే, ఎక్కడిదని ఏనాడూ అనుకోలేదు. నా చదువు మీద నాకే ఒళ్లు మండింది.

"తెల్వకుంటే తెలుసుకోని రారాదు సారూ," అంది నాగులమ్మ.

ఆదివారం బస్సెక్కి నల్లగొండ పోయాను. గ్రంథాలయంలో లావుపాటి నిఘంటువులో నాలుగు లైన్లు దొరికాయి, ఒక చరిత్ర పుస్తకంలో ఒక పేజీ. ఆ సాయంత్రమే, మొదటిసారి గూడెంలో అడుగుపెట్టి మైసయ్య మంచం మీద కూర్చున్నాను. ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"ఐర్లాండని ఒక దేశం. ఎనభై ఏళ్ల కింద అక్కడొక పెద్ద భూస్వామికి కౌలు వసూలు చేసిపెట్టే మనిషి ఉండేవాడు. బాయ్‌కాట్ అన్నది ఆయన పేరు. కౌలు తగ్గించమన్న రైతులను భూముల నుంచి వెళ్లగొట్టబోయాడు. జనం ఒక్కటయ్యారు. ఆయన పంట కోయలేదు. ఇంటి పనివాళ్లు వెళ్లిపోయారు. దుకాణాలు సరుకు అమ్మలేదు, బట్టలు ఉతికే మనిషి రాలేదు. బయటి కూలీలను తెచ్చుకుని పటాలం కాపలాలో పంట కోయించుకున్నాడు గానీ, ఆ తర్వాత ఆ దేశమే విడిచిపోయాడు. జనం చేసిన పనికి ఆయన పేరే నిలిచిపోయింది."

నాగులమ్మ ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"ఓర్నీ! గది మనసొంటోళ్లదా సారూ! మన కట్టె ఎత్కపోయి మననే కొడ్తుండా వీడు!"

అప్పుడు పటేల్ చేలలో ఆముదం గెలలు ఎండి కోతకొచ్చాయి. రేపటి నుంచి ఆ కోతకు ఎవరూ పోవద్దంది నాగులమ్మ.

"నాకు పిల్లలున్నరక్కా," అని భయపడింది పక్కింటి అండాలు.

"నాకు లేరా?" అంది నాగులమ్మ.

తెల్లారి పటేల్ చేలోకి ఒక్క మనిషీ పోలేదు. గురవయ్య కూడా చేద బావిగట్టు మీద పెట్టేసి ఇంటికి పోయాడు. ఎండ ముదిరేసరికి కాయలు టప్‌టప్‌మని పగిలి గింజలు మట్టిలో పడ్డాయి. నాలుగోనాడు పటేల్ తానే గూడెం అంచుకు వచ్చాడు.

"ఏమే, ఏం గావాలె నీకు? నీళ్లేనా? పోపిస్త, నడువుండ్రి."

"పొయ్యొద్దు పటేలా. మేమే చేదుకుంటం. నా బిడ్డ బడికే పోతది."

ఆయన చేను దిక్కు చూశాడు. చాలాసేపు చూశాడు.

"చేదుకోండ్రి," అన్నాడు ముఖం తిప్పుకుని.

నాగులమ్మ ఆ గట్టెక్కడం నా కళ్లారా చూశాను. మొదటి చేద నీళ్లు బిక్షమ్మ దోసిట్లో పోసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే నా మూట పటేల్ కొట్టంలోంచి బడిలోకి మార్చుకున్నాను.

ఏడేళ్లకు నాకు బదిలీ అయింది. బస్సు కోసం నిలబడితే, రోడ్డు పని చేయించే కోస్తా కంట్రాక్టరు ఒక ముసలి కూలామెను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. అక్కడే మట్టి మోస్తున్న నాగులమ్మ తట్ట కింద పడేసింది.

"మంచిగ మాట్లాడుతవా, నిన్ను జగ్గారావు చెయ్యాల్నా?"

వెనక ఇరవై తట్టలు నేల మీద పడ్డాయి. కంట్రాక్టరు బిత్తరపోయి నన్ను అడిగాడు. "మాస్టారూ, జగ్గారావు చేయడమంటే ఏంటండీ?"

"ఏ పుస్తకంలోనూ దొరకదయ్యా," అన్నాను. "ఆ మాట పుట్టించిన మనిషి నీ ఎదురుగానే ఉంది. ఆమెనే అడుగు."