వంచి కట్టిన అద్దం

నా చిన్నప్పుడు, నాకింకా తొమ్మిదేళ్ళు నిండని రోజుల్లో, మా హాల్లో ఒక పెద్ద పాత అద్దం ఉండేది. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఒక మండువా లోగిలి పడగొడుతుంటే, బడిపంతులుగా రిటైరైన మా తాతయ్య దాన్ని తెచ్చుకున్నారు. నల్లటి టేకు చట్రం, అంచుల్లో పూత రాలిన మచ్చలు. ఆ లోగిట్లో దాన్ని ఎత్తుగా, ముందుకి వంచి కట్టేవారట. వంటింటి గడప దగ్గర కూర్చున్న పెద్దావిడకి, వీధరుగు మీదికి ఎవరొచ్చేరో అందులో తెలిసేదట. మా డాబా ఇంట్లో అలా వంచే అవసరం ఎవరికీ తోచలేదు. గోడకి ఆనించి తిన్నగా మేకు కొట్టేరు. వచ్చినవాళ్ళు అందులో తల దువ్వుకునేవారు, అంతే.

ఆ ఏడాది అమ్మకి కేన్సరని తెలిసింది. నాన్న కాకినాడ తీసుకెళ్ళి మందులెక్కించి తీసుకొచ్చేవారు. జుట్టంతా ఊడిపోయాక, తన గదిలో చిన్న అద్దం కూడా ఉంచొద్దంది అమ్మ. రోగాలు తట్టుకునే శక్తి తగ్గింది కాబట్టి బడికెళ్ళే పిల్లని దగ్గరికి రానివ్వద్దని డాక్టరు చెప్పేరు. అమ్మ లోపలి గదిలో, నేను వీధరుగు మీద. మధ్యలో హాలు. తలుపులు తీసి ఉన్నా అమ్మ మంచం గోడ చాటున పడేది. గొంతు వినబడేది, మనిషి కనబడేది కాదు. కొన్నాళ్ళకి గొంతూ తగ్గిపోయింది.

అమ్మ మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిన రోజున తాతయ్య ఆ అద్దం దింపి, అమ్మ గది తలుపుకి ఎదురుగా ఉన్న హాలు గోడకి ఎత్తుగా కట్టడం మొదలెట్టేరు. మా పిన్నికి కోపమొచ్చింది.

"అక్క అద్దమే వద్దంటే, ఇంత అద్దం ఎదురుగా పెడతారేంటి నాన్నా?"

"దాని మొహం దానికి కనబడదులేవే," అని, నన్ను అమ్మ మంచం మీద పడుకోమన్నారు. దుప్పటి మళ్ళీ ఉతకాలని పిన్ని గొణిగింది. నేను తలగడ మీద తల పెట్టేను. తాతయ్య చట్రం వెనక చెక్కముక్క దోపుతూ, తాడు సడలిస్తూ అడిగేరు.

"ఏం కనబడుతోందమ్మా?"

"ఫ్యాను."

"ఇప్పుడో?"

"పిన్ని. చీపురు పట్టుకుని."

"అది మీ అమ్మ చిన్నప్పట్నుంచీ చూస్తోందిలే. ఇప్పుడు?"

"అరుగు. నా పుస్తకాల సంచి."

"ఆయ్. అక్కడుంచుదాం."

అరుగు మీద నేను కూర్చోవాల్సిన చోటుకి సుద్దముక్కతో గీత గీసేరు. అమ్మ వచ్చిన మర్నాడు అక్కడ కూర్చుని తలెత్తితే, అద్దంలో తలకి గుడ్డ కట్టుకున్న ఎవరో ఉన్నారు. కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. ఆ మనిషి చెయ్యెత్తి జడ బిగించుకున్నట్టు చూపించింది. నా రిబ్బను ఊడిపోయి ఉంది. అప్పుడు పోల్చుకున్నాను.

ఆ వానాకాలమంతా అలా గడిచింది. నేను లెక్కల పుస్తకం ఎత్తి చూపిస్తే తను తలూపేది. నేను అన్నం తింటుంటే తనూ ఇంకో ముద్ద తినేదని పిన్ని చెప్పేది.

ఒక ఆదివారం చర్చి నుంచొచ్చి, కొత్త గౌను చూపిద్దామని గీత దగ్గర నిలబడ్డాను. అమ్మ కళ్ళు నా వైపే ఉన్నాయి. చెయ్యి లేవలేదు. గౌను అంచులు పట్టుకుని ఒకసారి తిరిగి చూపించేను. కళ్ళు కదల్లేదు. పిన్నిని పిలిచేను.

చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఒకావిడ, "పసిపిల్లకి తల్లి చావు అద్దంలో పెట్టి చూపించేరు. ఏం పనండీ మాస్టారూ ఇది," అంది. సమాధుల దగ్గర్నుంచి వచ్చేక తాతయ్య నా పక్కన కూర్చుని, "తప్పు చేసేనామ్మా?" అని అడిగేరు. పెద్దవాళ్ళెవరూ నన్ను అలా అడగలేదు అప్పటిదాకా. లేదన్నట్టు తల అడ్డంగా ఊపేను. నిజానికి నాకప్పుడు తెలీదు. ఆ కళ్ళు చాలాకాలం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు తెలుసు. అద్దం లేకపోయినా అమ్మ ఆ ఆదివారమే పోయేది. కానీ ఆ వానాకాలమంతా మా ఇద్దరికీ గోడే మిగిలేది.

నాకు నలుగురిలో మాటలు రావు. జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి వెళ్తే ఏమనాలో అసలు తోచదు. అందుకని ముందు వాళ్ళ తలగడ ఎత్తుకి వంగి, అక్కణ్ణించి ఏం కనబడుతోందో చూస్తాను. ఎక్కువసార్లు సెలైన్ స్టాండు, తలుపుకి తగిలించిన తువ్వాలు కనబడతాయి. కుర్చీ అక్కడికి జరుపుకుని కూర్చుంటాను.