పెళ్లి సెట్లో యాదమ్మక్క తాగిన నీళ్లు

కొత్త నీళ్ల సీసా మూత తిప్పగానే టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది. అది వింటే నా వీపు నిటారవుతుంది. నిన్న ఫిల్మ్ నగర్‌లో, పట్టుచీర కట్టుకుని ఒక ఉత్తుత్తి పెళ్లిలో కూర్చున్నప్పుడు పక్కన ఎవరో మూత తీశారు. యాదమ్మక్క వచ్చి కూర్చున్నట్టే అనిపించింది.

సినిమాల్లో గుంపులో కనిపించే ఆడవాళ్లం మేము. పెళ్లయితే నవ్వుతాం, చావయితే ఏడుస్తాం. రహమత్ నగర్ యాదమ్మక్క మా అందరికీ పెద్దదిక్కు. నేను భీమవరం నుంచి వచ్చిన కొత్తలో నా చేతిలో ఒక లవంగం పెట్టి, "గిది బుగ్గల పెట్టుకో, నోరెండదు. పేకప్ దాంక నీళ్లు ముట్టకు. బాత్రూం గేటు కాడుంది, పోతే షాటు పోతది" అంది. హీరోయిన్‌కు బాత్రూం ఉన్న క్యారవాన్, మాకు లవంగం. పదకొండు గంటలు ఆపుకోగలనని నేను గొప్పలు చెప్పుకునేదాన్ని. నిజానికి తొమ్మిదే, మిగతా రెండూ కోతలు.

అక్కకు షుగరు. ఒక పెళ్లి సీన్లో హారతి పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి పక్కనే నిలబడిన రోజు సాయంత్రం ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. ఆమె వణుకుకి మేం ఇంటికెళ్లే బస్సు ఊగిపోయిందని అందరికీ చెప్పాను గానీ, ఊపినవి రోడ్డు మీది గుంతలే. ఆసుపత్రిలో మూత్రపరీక్ష చేయించిన డాక్టరమ్మ, ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని చెప్పింది.

"మంట అనిపించలేదా?"

"లేదు తల్లీ."

"షుగరున్నవాళ్లకు ఒక్కోసారి మంట తెలియదమ్మా, నేరుగా జ్వరమే వస్తుంది. మీరేమో నీళ్లు తాగరు, వచ్చింది ఆపుకుంటారు. ఇలాగే చేస్తే కిడ్నీలకే ముప్పు."

డాక్టరమ్మ వెళ్లాక అక్క నా వైపు తిరిగింది. "లవంగం నీ చేతుల పెట్టింది నేనే గద. తప్పు నేర్పిన. నేనే మాన్పిస్తా."

అదృష్టం కొద్దీ హీరో కాలు బెణికి ఆ పెళ్లి సీను సగంలోనే మూడు వారాలు ఆగింది. మళ్లీ మొదలైన రోజు అక్క అదే చీరలో వచ్చి, నలభై మంది ఆడవాళ్లం చూస్తుండగా సీసా మూత తిప్పి లీటరు నీళ్లూ తాగేసింది. ఆ దెబ్బకు దుర్గం చెరువు జానెడు తగ్గింది. కాసేపటికి షాటు రెడీ అన్నారు. అక్క పళ్లెం కింద పెట్టి క్యారవాన్ వైపు నడిచింది.

మేనేజరు అడ్డం వచ్చాడు. "ఏంటమ్మా, ఎక్కడికి? అది మేడమ్‌ గారిది!"

"నాకు పోవాలె."

"గేటు దగ్గరకెళ్లండి."

"పోయొచ్చే దాంక ఆగుతవా?"

"ఆగను. ఇంకొకళ్లని నిలబెడతాను."

"నిలబెట్టు. మొన్నటి షాటుల పెళ్లిపిల్ల పక్కన గీ మొకమే ఉంది. మొకం మారితే పెళ్లి మళ్ల చెయ్యి, సారూ!"

నేను బుగ్గలోని లవంగం ఉమ్మేసి సీసా అందుకున్నాను. నా వెనక వరసగా మూతలు టిక్కు టిక్కుమన్నాయి. మేనేజరు మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టుకున్నట్టు చూశాడు. హీరోయినే ఎదురొచ్చి అక్కకు హారతిచ్చి లోపలికి తీసుకెళ్లిందని నేను చెప్పే కథ అబద్ధం. మేనేజరు పళ్లు కొరుకుతూ తలుపు తీశాడు, అది నిజం. మర్నాటికి మాకంటూ ఒక టాయిలెట్ వ్యాను వచ్చింది, అదీ నిజమే.

ఏళ్ల తర్వాత అక్క గుండెపోటుతో పోయింది. కిడ్నీలు మాత్రం చివరిదాకా బాగానే ఉన్నాయని డాక్టరమ్మ అంది. ఇందులో నా కోతలేం లేవు.

ఇప్పుడు నాకూ షుగరు వచ్చింది. నిన్న మూత తీసింది ఒక కొత్త పిల్ల. తీసింది గానీ తాగడానికి జంకుతోంది. సీసా లాక్కుని సగం నేను తాగి, సగం తనకిచ్చాను. షాటు రెడీ అన్నారు. చెయ్యెత్తి లేచాను.

"ఇప్పుడేంటండీ?" అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

భీమవరం నోటితో అక్క మాటే అన్నాను. "నాకు పోవాలె."

ఆగారు.