తొంభై తొమ్మిది మార్కుల చెరువు

ఆ రోజుల్లో నాకు రాని విద్య ఒక్కటే, నాకేదైనా రాదేమోనని అనుమానించడం. ఏలూరులో చదువు ముగించి ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులో కుదిరీ కుదరగానే, కలిదిండిలో మా మావయ్య చేపల చెరువుల్ని ఉద్ధరించడానికి బయలుదేరాను. ఆయనకు మూడు చెరువులు, మూడింట్లోనూ మూడు కంపెనీల ఆక్సిజన్ మీటర్లు (ఎక్కడ చవకైతే అక్కడ కొనడం మావయ్య సిద్ధాంతం). మీటరు మాటను కంప్యూటరుకు చేరవేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఏ కంపెనీ డ్రైవర్ పద్ధతి దానిది. వైరు తెగితే మొదటి రెండూ మైనస్ ఒకటి చూపేవి. మూడోదీ అంతేననుకుని, ఆక్సిజన్ తగ్గినా, మైనస్ ఒకటి వచ్చినా నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరిగేలా ప్రోగ్రాం రాసి నా భుజం నేనే తట్టుకున్నాను. మూడోది వైరు తెగితే తొంభై తొమ్మిది అంటుందని తర్వాత తెలిసింది.

ముసురు పట్టిన ఒక పొద్దున్న మావయ్య ఫోనులో మూడో చెరువు తొంభై తొమ్మిది చూపించింది. మిగతా రెండూ ఎప్పటిలా నాలుగు దగ్గరే ఉన్నాయి. మార్కులంటే ప్రాణం పెట్టే వంశం మాది. "మా మూడో చెరువుకి తొంభై తొమ్మిదండీ" అని మావయ్య పక్క చెరువు రైతుకు ఫోను చూపించాడు. "అబ్బాయి చదువు ఊరికే పోలేదండీ" అన్నాడాయన. నేను సిగ్గుపడ్డాను కూడా. (నీళ్లలో అంత ఆక్సిజన్ ఉండదని వారం కిందట మావయ్యకు పాఠం చెప్పింది నేనే.)

ఇంతలో గట్టు మీంచి అత్తయ్య, "ఏవండీ, శీలావతి చేపలు గాలికి నోళ్లు తెరుచుకుని పైకొచ్చేస్తన్నాయండీ, ఓసారి ఇటు చూడండి" అంది. మావయ్య చేపల వంక చూశాడు, ఫోను వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"బాగుందనేగా చూపిస్తంది?"

"బాగుంది మావయ్యా" అన్నాను.

నీళ్ల రంగు చూసి చెరువు సంగతి చెప్పగల మనిషి నా మాట నమ్మాడు. అత్తయ్య ఆగలేక తనే వెళ్లి ఏరియేటర్ల స్విచ్చి వేసేసరికి ఆలస్యమైపోయింది. మధ్యాహ్నానికి చెరువంతా తెల్లటి పొట్టలు తేలాయి. నేడో రేపో పట్టుబడికి రావలసిన పంట. పీత కొరికిన వైరు నా చేతిలో ఉంది. గట్టు పక్కన గొయ్యి తీసి చచ్చిన చేపల్ని పూడ్చాం. అడిగినవాళ్లకల్లా మావయ్య "ముసురండీ, ఆక్సిజన్ పడిపోయింది, ఏం చేస్తాం" అని చెప్పాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఆయన చెరువులు లీజుకిచ్చేశాడు. నేను మాత్రం ఇప్పటికీ ఏ కొత్త పరికరం వచ్చినా ముందు దాని వైరు పీకి, బాగోలేనప్పుడు అది ఏమంటుందో చూస్తాను. ఇప్పుడు పనిచేసే ఆఫీసులో నవ్వుకుంటారు. ఇక ఫోను చేస్తే అత్తయ్య మోకాలు నొప్పైతే నొప్పనే చెబుతుంది. మావయ్యను "ఎలా ఉన్నారు?" అంటే, "బ్రహ్మాండంగా ఉన్నానురా" అంటాడు. జ్వరమొచ్చినా అదే మాట. ఆనాటి కుర్రాడైతే ఆ జవాబుకి మురిసిపోయి ఫోను పెట్టేసేవాడు. పాపం, వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు ఆయన 'బ్రహ్మాండం' అనగానే నేను కలిదిండి బస్సెక్కుతాను.