అప్పాయమ్మ శుక్రవారం

ఉప్పాడ అప్పాయమ్మ కారెక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం బజారుకి బస్సులోనే వచ్చేది. కొడుకు అదే దారిన ఖాళీ కారులో పోతున్నా సరే, ఎక్కేది కాదు. "నీసు వాసన పడితే గుళ్ళకెళ్ళేవోళ్ళు ఎక్కుతారేంటండీ?" అనేది. ఆ కారు మీద ఆవిడకున్న భక్తి దాని ఓనరుకి కూడా లేదు.

తొంభై ఆరు తుపానులో ఆవిడ భర్త ముసలయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. పడవ ఎక్కనని కొడుకు ఉదయ్‌కుమార్ చేత ఒట్టు వేయించుకుని, డ్రైవింగు నేర్పించింది. వాడు పిఠాపురంలో ఒకాయన అంబాసిడర్ నడిపేవాడు. రైలు దిగిన యాత్రికుల్ని గుళ్ళకి తిప్పడం పని. సాయంత్రానికి బండి ఉప్పాడలో ఇంటి ముందుండేది.

ఆ బండికి మిస్సింగ్ మొదలై నా మెకానిక్ షెడ్డుకొచ్చింది. స్లోలో పెడితే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఇంజను నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను. పీకినప్పుడు చప్పుడు మారితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. మారకపోతే దొంగ అదే. రెండోది పీకితే ఏ మార్పూ లేదు. ప్లగ్గు మార్చాను, కుదురుకుంది. మళ్ళీ శనివారానికల్లా వచ్చేశాడు, ఈసారి మూడోది. కార్బొరేటరు విప్పి కడిగాను. ఆ పై శనివారం మళ్ళీ ప్రత్యక్షం! ఈసారి ఆ రెండు సిలిండర్లూ చచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎక్కడ తిప్పుతున్నావురా దీన్ని, రొయ్యల చెరువులోనా?"

"లేదండి బ్రహ్మంగారూ, రోడ్డు మీదేనండి. ఇంకొక్కసారి ఆగిపోతే తాళాలిచ్చెయ్యమన్నారండి ఓనరుగారు. మా మావయ్య పడవలో మనిషి తక్కువయ్యాడంటండి. ఇంక అందులోకి పోవడవేనండి."

నవ్వుతూనే చెప్పాడు గానీ మొహంలో నెత్తురు లేదు. నేను తిట్లు ఆపి డిస్ట్రిబ్యూటరు దగ్గరికెళ్ళాను. కరెంటుని నాలుగు ప్లగ్గులకీ పంచేది అదే. దాని మూత మీద వైర్లు దిగే గుంతల్లో తెల్లటి పొక్కు కట్టింది. గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు! ఉప్పు చెమ్మ తగిలితే కరెంటు ప్లగ్గుకి పోకుండా పక్కదారి పడుతుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టిన బళ్ళు బోలెడు చూశాను గానీ, ఇంజనులో ఉప్పు పండించినవాణ్ణి వీణ్ణే చూశాను.

"ఎవర్రా నీళ్ళు పోస్తున్నది?"

వాడు తల గోక్కున్నాడు. "అమ్మండి. శుక్రవారం పొద్దున్నే బాయినెట్ ఎత్తమంటాదండి. చెంబుడు సముద్రం నీళ్ళు చల్లి దణ్ణం పెడతాదండి. పడవ దింపేముందు మొన మీద చల్లుతాం కదండి, అలాగేనండి. గంగమ్మ కాస్తాదని."

ఇన్ని వారాలూ ఆ ముక్క చెప్పలేదు వెధవ! అయినా గుళ్ళో తీర్థం తాగొచ్చానని డాక్టరుకి ఎవరు చెబుతారు లెండి.

మూతా వైర్లూ మార్చాను. ఇంజను వణుకు మాని గువ్వలా కుదురుకుంది. తల్లికి చెప్పే ధైర్యం వాడికి లేదు, అందుకని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే బండి ఉప్పాడ పోనిచ్చాను. అప్పాయమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. మాట చుట్టూ తిప్పడం నాకు చేతకాదు.

"అప్పాయమ్మగారూ, మీరు చల్లే నీళ్ళే ఇంజన్ని ఆపేస్తున్నాయండి. ఇంకో చెంబు పోశారంటే మీవాడు పడవెక్కాల్సిందే."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి బండి ముందు నిలబడింది. ముట్టుకోలేదు.

"నేనాండీ?" అంది. "నా చేత్తో నేనే తోసేత్తున్నానాండీ వాణ్ణి?"

నాకు జాలేసింది. ఉదయ్‌కుమారే ముందుకొచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు.

"నువ్వు తెలీక చేశావమ్మా, ఊరుకో. బండి మీద మానెయ్. అంతగా నీకు కావాలంటే నా నెత్తి మీద చల్లు, సరిపోద్ది."

ఆవిడ ఉలిక్కిపడి వాడి చెయ్యి తోసేసింది.

"వద్దురా బాబూ! మీ నాన్నకి రోజూ నెత్తి మీదే చల్లి పంపేదాన్ని."