జాజు బొట్టు, సున్నం బొట్టు

నైజాం కాలంలో నేను ఇబ్రహీంపట్నం కచేరిలో జవానును. కచేరిలో ఫోను ఉండేది. ఆ ఫోనుకు పిడుగు తగలకుండా ఒక చిన్న కర్ర పెట్టె కాపలా, ఆ పెట్టెకు నేను కాపలా. పెద్ద పనేమీ కాదు. కానీ తప్పితే మనిషి చెడతాడు.

హైదరాబాద్ నుంచి తీగ గుంజల మీద బీళ్ల మీదుగా వచ్చేది. దాని మీద పిడుగు పడితే ఆ జోరు ఫోను దాకా పరుగెత్తుకొస్తుంది. అందుకే తీగ గోడలోకి దూరేచోట ఆ పెట్టె బిగించారు. లోపల రెండు బొగ్గు బిళ్లలు, అవి ఒకదానికొకటి తగలకుండా నడుమ పల్చటి అభ్రకం. పిడుగు జోరు ఆ సందు దూకి, రాగి తీగ వెంట భూమిలోకి దిగిపోతుంది. మనుషుల మాటలకు దూకే బలం లేదు, కాబట్టి అవి ఫోనుకే పోతాయి. లైన్‌మన్ నాకు చెప్పింది ఇంతే. అంతకన్నా నేను అడగలేదు.

ఉరుములు పోయాక ప్రతిసారీ పెట్టె తెరిచి చూడాలి. మసి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవాలి. ఉరుముతుండగా మాత్రం అందులో చెయ్యి పెట్టకూడదు. బిళ్లలు కాలిపోతే లైన్‌మన్ వాటిని తీసేసి, కొత్తవి తెచ్చేదాకా తీగను నేరుగా ఫోనుకు కలిపి పోయేవాడు. అప్పుడు ఆకాశం తేటగా ఉంటేనే మాట్లాడాలి. మబ్బు పట్టిందా, ఫోను ముట్టకూడదు.

ఫోను ఎత్తేది మున్షీ. ఆయనకు కుడి చెవి వినపడదు. నేను చెప్పబోయే సంగతికి ముందటి వానాకాలం, బిళ్లలు లేవని తెలియక ఉరుముల్లో ఫోను ఎత్తాడు. చెవి పక్కన తుపాకి పేలినట్టయిందట. ఆ చెవి మళ్లీ పలకలేదు. మిగిలిన ఎడమ చెవి మీదనే నౌకరీ, ఇల్లు, పిల్లలు.

అప్పటి నుంచి బిళ్లలు ఉన్నదీ లేనిదీ పెట్టె మీద చీటీ రాసి అంటించమని నా వెంట పడ్డాడు. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. నా భార్య కచేరి అలికి, గోడలకు సున్నం, కడపలకు ఎర్రమట్టి జాజు పూసేది. ఆ రెండే వాడుకున్నాను. బిళ్లలు ఉంటే పెట్టె తలుపు మీద సున్నం బొట్టు. లేకుంటే జాజు బొట్టు. కచేరికి వచ్చే రైతులకు కూడా అది తెలిసిపోయింది.

రోహిణి కార్తెలో పై అధికారి కచేరి తనిఖీకి దౌరా వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ సాయంత్రమే పిడుగుకు బిళ్లలు కాలాయి. మర్నాడు పొద్దున లైన్‌మన్ వచ్చి వాటిని తీసేశాడు. వీలైతే ఇవాళే కొత్తవి తెస్తానన్నాడు. నేను జాజు బొట్టు పెట్టి, కాగితాలు పట్టుకుని మంచాల అనే ఊరికి నడిచిపోయాను.

తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మింది. కచేరి పెళ్లిల్లులా ఉంది. నా భార్య కడపలన్నిటికీ జాజు పూసి, తెల్ల బొట్లు పెట్టింది. పనిలో పనిగా పెట్టె తలుపుకూ పూసింది. తలుపంతా ఎరుపు, దాని మీద వరుసగా సున్నం బొట్లు. మరకలు పడ్డ తలుపు అధికారి కంట పడితే ఆమెకు నామోషీ.

లైన్‌మన్ వచ్చాడా అని అడిగాను. ఆమె నీళ్లకు చెరువుకు పోయిందట. మున్షీ అన్నానికి ఇంటికి పోయి అప్పుడే వచ్చాడట. ఎవరూ చూడలేదు. పెట్టె తెరుద్దామంటే ఉరుము నెత్తిమీదే ఉంది.

అప్పుడు ఫోను మోగింది.

"పెద్ద సాబే," అన్నాడు మున్షీ. "ఎత్తకుంటే నా నౌకరీ పోతది."

నా భార్య ఫోనుకు అడ్డం నిలబడింది. "నీకున్నది ఒక్కటే చెవి, సాబ్."

"బొట్లన్నీ తెల్లగనే ఉన్నయి గదా?"

"గవి నేను పెట్టిన ముగ్గు. గవి చూసి ఎత్తుతవా?"

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు."

"నాకు తెల్వదు," అన్నాను. "తెల్వనప్పుడు జాజే అనుకోవాలె."

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మున్షీ బల్ల మీద కూలబడి, మంచి చెవిని అరచేత్తో మూసుకున్నాడు. వినపడకుంటే ఎత్తాలనిపించదని కావచ్చు. కాసేపటికి ఫోనూ ఊరుకుంది.

వాన వచ్చి వెలిసింది. ఉరుము మంచాల దిక్కు పోయాక పెట్టె తెరిచాను. కొత్త బిళ్లలు మెరుస్తున్నాయి. లైన్‌మన్ వచ్చి బిగించి పోయాడు. ఫోను ఎత్తినా చెవికి ఏమీ అయ్యేది కాదు. మున్షీ వాటిని చూసి, ఆ తర్వాత మమ్మల్ని ఇద్దరినీ తిట్టినన్ని తిట్లు తిట్టాడు. నౌకరీ పోతుందని ఆయన భయం, అది ఉత్త భయం కాదు.

మర్నాడు మున్షీ షేర్వాణీ తొడుక్కుని, అధికారి కోసం పొద్దు నెత్తికెక్కేదాకా సడక్ మీద నిలబడ్డాడు. అధికారి రాలేదు. మధ్యాహ్నం ఫోను మోగితే ఎడమ చెవికి ఆనించుకున్నాడు. దౌరా రద్దయిందని చెప్పడానికే నిన్న చేశారట. అందరూ పండుకున్నారా అని అడిగారట. ఉరుములు సాబ్ అన్నాడు మున్షీ. ఇక్కడా అంతే, మేమూ కాసేపటికి ఫోను వదిలి దూరం జరిగాం అన్నారట. ఫోను పెట్టేసి ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వుతూనే, నీకు నాలుగు అక్షరాలు వస్తే ఈ తిప్పలు ఉండేవి కావని నన్ను దెప్పాడు.

తల నెరిశాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది నేనే. అయినా మున్షీ మాట ఒప్పుకోను. పండుగకో దౌరాకో జాజు కలిపిన మనిషి, చీటీ కనపడితే దాని మీద కూడా పూస్తుంది.

రంగులు మానేశాం. బిళ్లలు లేనప్పుడు మున్షీ రుమాలుతోనే ఫోనును కట్టేయాలని ఖాయమైంది. కట్టే పని నా భార్య తీసుకుంది. గడ్డిమోపు కట్టినట్టు బిగించేది. ఆ ముడి మున్షీకీ రాదు, నాకూ రాదు. ఫోను ఎత్తాలంటే ఆమెను పిలుచుకు రావాల్సిందే. ఆమె వచ్చి, ముందు ఆకాశం చూసి, తర్వాత ముడి మీద చెయ్యి వేసేది.