ఉలవలు పరిచిన దారి

పోయిన వారం చిత్తూరులో ఒక పెళ్ళికి కారులో వెళ్ళాం. కారు తోలుతున్నది మా కోడలు. కొత్తగా వేసిన పెద్ద రోడ్డు, ఎక్కడా గుంట లేదు, మలుపు లేదు, ఎదురుగా వచ్చే బండి లేదు. ఊళ్ళన్నీ మాకెందుకులే అన్నట్టు దూరంగా ఉండిపోయాయి. ఒక వంతెన మీద నుంచి పోతుంటే కింద పాత రోడ్డు కనిపించింది. దాని మీద ఎవరో ఎండిన మొక్కలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పరిచి పెట్టారు. ఒక పాల ఆటో వాటి మీద నిదానంగా పోతోంది. "అదేందత్తా, రోడ్డు నిండా చెత్త పోసినారు?" అంది మా కోడలు. తిరుపతి టౌనులో పుట్టి పెరిగిన పిల్ల, తన తప్పేం లేదు. ముందు సీటులో కూర్చున్న మా ఆయన పకాలున నవ్వి, "మీ అత్తనడుగమ్మా, ఆ చెత్త సంగతి ఆమెకే బాగా తెలుసు" అన్నారు. ఇంతలో కళ్యాణమండపం వచ్చేసింది కాబట్టి ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చెబుతున్నాను.

నాలుగైదేళ్ళ కిందటి మాట. కారు తోలడంలో తనంతటివాడు ఈ జిల్లాలోనే లేడని గట్టిగా నమ్మిన మనిషి మా ఆయన. తిరుమల కొండెక్కే బస్సులో కూర్చున్నా, మలుపు మలుపుకూ డ్రైవరు కంటే ముందు తానే బ్రేకు తొక్కేవారు. ఆయన కాలి కింద బ్రేకు లేదన్న సంగతి ఆయనకు పట్టేది కాదు. అట్లాంటి మనిషి తోలుతుండగా ఒక రోజు హైవే మీద వెనక నుంచి వచ్చిన లారీ మా కారును రాసుకుంటూ పోయింది. కారు గిర్రున తిరిగి రోడ్డు మధ్య గోడకు తగిలి ఆగింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. కారుకు కొత్త తలుపు వేయించాం. ఆయనకు ఏం వేయించాలో మాత్రం తెలియలేదు.

ఆ తరువాత ఆయన మళ్ళీ ఆ సీటులో కూర్చోలేదు. మొదట కారు మానేశారు, తరువాత బయటికి పోవడమే మానేశారు. స్నేహితులు పిలిస్తే మోకాలి నొప్పి అనేవారు. ఒకే పేపరును మధ్యాహ్నందాకా చదివేవారు. డాక్టరు చూసి ఒంట్లో ఏ లోపమూ లేదన్నాడు. ఆ మాట విని నాకు ఇంకా భయం వేసింది, లోపం ఉంటే మందు ఉండేది కదా. ఈ మనిషి ఇట్లాగే గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి తిరుగుతూ ముసలివాడైపోతాడేమోనని వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చుకున్న రోజులున్నాయి.

ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఈ వయసులో నీకెందుకని అడగని చుట్టం లేడు. ముందుకు పోవడం బాగానే వచ్చింది. వెనక్కి తోలడం మాత్రం నాకు అచ్చిరాలేదు. పరీక్ష రోజు ఎట్లాగో గట్టెక్కాను గానీ, ఆ తరువాత వెనక్కి తోలే పని పడకుండా, ముందు ఖాళీ ఉన్న చోటే చూసుకుని కారు ఆపేదాన్ని. హైవే ఎక్కే ధైర్యం నాకూ లేదు. ఆ పిరికితనమే మా ఇద్దరినీ చిన్న రోడ్ల పాలు చేసింది.

ఐరాలలో మా చిన్నమ్మ ఉంది. ఆవును కొన్నాను, వచ్చి చూసిపొమ్మని రోజూ ఫోను. ఒక మాఘమాసపు పొద్దున ఆయనను బతిమాలి పక్క సీటులో కూర్చోబెట్టుకుని, పాకాల మీదుగా బయలుదేరాను. పెద్ద రోడ్డు ఊరిని చుట్టి పోతుంది. చిన్న రోడ్డు ఊరి నడుమ దూరి, అందరి వాకిళ్ళూ చూపించి, వాళ్ళు ఏం వండుతున్నారో కూడా చెప్పి పోతుంది. అరుగుల మీద ఆడవాళ్ళు చింతపండు గింజ తీస్తున్నారు. తోపుల్లో మామిడి పూత వాసన గొంతులోకి దిగుతోంది. ఒక చోట బెల్లం కాగుతున్న తీపి ఆవిరి రోడ్డు దాటి వచ్చి కారులో కూర్చుంది, చాలా దూరం దిగలేదు. పాకాలలో దారి అడగడానికి ఆపితే, టైలరు సాయిబు మిషను మీద నుంచి కాలు తీయకుండానే "ఐరాలకా? సీదా పోండమ్మా, మామిడి తోపు వస్తాది, ఆడ ఎడమకి తిరగండి" అన్నాడు. ఆ సీమలో మామిడి తోపు లేని మలుపు ఏదో సాయిబు చెప్పలేదు. మూడు తోపుల దగ్గర తిరిగి, మూడు పల్లెల్లో మంచినీళ్ళు తాగాం. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పక్కన మా ఆయన మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. నేను గేరు మార్చినప్పుడల్లా బండి మూలుగుతున్నా ఒక్క మాట అనలేదు. తప్పులు పట్టడం మానేసిన మొగుడిని చూస్తే ఎంత దిగులేస్తుందో ఆ రోజే తెలిసింది.

ఐరాల ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు మీద ఎండిన ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి, కాయలతో సహా. ఎవరి కష్టమో, తొక్కితే పాపమని, కారును ఒక పక్కకు దించి మట్టిలో రెండు చక్రాలు పెట్టి దాటబోయాను. చింతచెట్టు కింద నుంచి ఒక అవ్వ కర్ర ఎత్తుకుని లేచింది.

"ఓమ్మా! యాడికి పోతావుండావు పక్కన? దాని మింద ఎక్కించు! తొక్కాలనే గదా పరిసింది!"

"పైరు పాడైపోదా అవ్వా?"

"పాడయ్యేదేంది? సక్రాలు పడితేనే గదమ్మా గింజ రాలేది! పొద్దన్నుంచి స్కూటర్లోళ్ళు తప్ప ఒక్క బండి రాలా."

సరేనని ఎక్కించాను. కంగారులో కొంచెం జోరుగా ఎక్కించాను. గింజలు పటపటమని ఎగిరి ముళ్ళకంపలో పడ్డాయి. "మెల్లిగా! మెల్లిగా! ఉలవలంతా కంపకే పెడ్తావా?" అని అవ్వ అరిచింది. చివరిదాకా పోయి ఆపాను. ఆమె వచ్చి వంగి చూసి, "ఈ పక్క నలగలా. అట్లనే ఎనక్కి రా" అంది. వెనక్కి! నాకది రాదని చెబితే అవ్వ నన్ను వదిలేసి కిటికీలోంచి మా ఆయనను చూసింది. "ఏమప్పా, నీకూ రాదా తోలేదానికి?"

ఆ ప్రశ్న ఆయనను అంతవరకూ ఎవరూ అడగలేదు. మేమంతా జాలిపడ్డాం, ఓదార్చాం, బలవంతం చేయకూడదని జాగ్రత్తపడ్డాం. తోలడం రాదా అని మాత్రం ఎవరం అనలేదు. ఆయన మొహం ఎర్రబడింది. "వస్తాదవ్వా" అన్నారు. నా వైపు తిరిగి "దిగుమే" అన్నారు.

దిగాను. ఆయన నా సీటులోకి మారి అద్దాన్ని పదే పదే సర్దుకుంటుంటే, చూడనట్టు నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆయనను భయపెట్టింది వెనక నుంచి వచ్చేదే. ఆ రోజు అద్దంలో కనబడింది ఎండిన ఉలవలూ, కర్ర పట్టుకున్న అవ్వా. కారు చీమలా కదిలింది. పక్కనే నడుస్తూ అవ్వ, "అట్లనే, అట్లనే. రోంత ఈ పక్కకి. ఆఁ, అదీ!" అంటోంది. ఎంత నిదానంగా తోలితే అంత మెచ్చుకునే చోటు ఆయనకు ఆ ఒక్క రోడ్డు మీదే దొరికింది. వెనక్కి వచ్చి, ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చారు. అవ్వ మొక్కలు తిరగేసినప్పుడల్లా ఆగి, ఆమె కర్ర ఊపితే కదిలారు. నేను అవ్వ చీపురు అందుకుని అంచులకు జారిన గింజ ఊడుస్తున్నాను. ఉన్నట్టుండి కారు ఆపి తల బయట పెట్టి, "నువ్వు తోలిన తావు సూడు, ఒక్క గింజన్నా రాలిందా? అదేం తోలడం మే?" అన్నారు. ఎండలో, దుమ్ములో, చీపురు పట్టుకుని నిలబడి నేను నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాను.

అవ్వ మమ్మల్ని ఊరికే పంపలేదు. గుగ్గిళ్ళు వేసుకోమని నా కొంగులో దోసిళ్ళతో ఉలవలు పోసింది. ఐరాలకు ఆయనే తోలారు. చిన్నమ్మ ఆవును చూసి, మెచ్చుకుని, భోంచేసి, తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆయనే తోలారు, చిన్న రోడ్ల మీదనే. దారి పొడుగునా నా గేర్ల గురించి పాఠం చెప్పారు. తిరుపతి చేరి ఇంటి ముందు కారు ఆపాక కూడా దిగలేదు, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను దిగి గేటు తీస్తుంటే, "రేపు యాడికి పోదాం?" అని అడిగారు. అడిగినందుకే కడుపు నిండిపోయింది. వయసు పెరిగేకొద్దీ నిన్నలు వాటంతటవే పోగుపడతాయి. రేపును మాత్రం ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి.